అతికించని చీటీలు

మా బావతో నాకు మాటల్లేక ఏడాది దాటింది. పెళ్లిళ్లలో ఎదురుపడితే నేను వడ్డన వైపు తిరిగిపోతాను, అతను ఫోన్ చెవికి పెట్టుకుంటాడు. బంధువుల్లో సగం మంది ఇదేదో పొలం తగాదా అనుకుంటున్నారు. మిగతా సగం నాకు నోరెక్కువని సరిపెట్టుకున్నారు. నోరెక్కువే, కాదనను. కానీ తగువు పొలం గురించి కాదు, ఒక వెబ్‌సైట్ గురించి. చెబితే నవ్వుతారని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

వెబ్‌సైట్లు తయారుచేయడం నా పని. బిలాస్‌పూర్‌లో కుదుదండ్ అనే పేటలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. ఈ ఊళ్లో దీన్ని ఎవరూ పనిగా లెక్కచేయరు. "మా మేనల్లుడు రెండు గంటల్లో చేసేస్తానన్నాడు, మీరు నెల అడుగుతారేం?" అంటాడు కొట్టు యజమాని. మేనల్లుడి చేతే చేయించుకోండి అని పంపేస్తాను. ఆరు నెలలకి మొహం వేలాడేసుకుని తిరిగొస్తాడు. స్టేషన్ దగ్గర ఒక లాడ్జి ఉంది. దాని సైట్‌లో మ్యాప్ గుర్తుని ఏ మహానుభావుడో ఊరి అవతల ఉన్న ఉస్లాపూర్ స్టేషన్ పక్కన పెట్టాడు. రెండూ స్టేషన్లే కదా అనుకున్నాడు కాబోలు. గది బుక్ చేసుకున్నవాళ్లు ఉస్లాపూర్‌లో ఆటో దిగి, పిల్లలతో సామాన్లతో ఎండలో నిలబడి, ఫోన్‌లో నాలుగు తిట్టి, వేరే చోటికి పోయేవాళ్లు. యజమాని మాత్రం ఆన్‌లైన్‌లో లాభం లేదని ఏడాదంతా ఏడ్చాడు. ఏడాదిలో ఒక్కసారైనా తన లాడ్జి ఎక్కడుందో తన సైట్‌లో చూసుకోలేదు.

ఇలాంటివాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లకన్నా ఎక్కువగా, "పడుకున్నా డబ్బు తెచ్చే వెబ్‌సైట్" అని బోర్డు కట్టి క్లాసులు చెప్పేవాళ్లని చూస్తే మండుతుంది. పడుకుంటే వచ్చేది నిద్ర ఒక్కటే. సైట్ మీద డబ్బు రావాలంటే చిన్న చిన్న పనులు వంద, రోజూ, విసుక్కోకుండా చూసుకోవాలి. నేను చూసుకుంటానని ఊళ్లో నాకు పేరు. ఆ పేరంటే నాకు చాలా పొగరు ఉండేది. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే తిట్లన్నీ బావ మీదే వేసి తప్పించుకునే రకాన్నని అనుకోకూడదు.

బావ అంటే మా మేనమామ కొడుకు. రైల్వే ఆఫీసులో గుమాస్తా. మా రెండు కుటుంబాలూ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైలు పని కోసం ఇక్కడికొచ్చినవే. మా నాన్న పార్సిల్ ఆఫీసులో చేశాడు, మామయ్య ఇంజన్ల షెడ్డులో చేశాడు. నేను పెరిగింది రైల్వే క్వార్టర్స్‌లోనే. మా ఊళ్లో పరీక్ష అంటే పిల్లల పరీక్ష కాదు, పెద్దవాళ్లది. ఉద్యోగంలో ఉన్నవాళ్లు పై పోస్టు కోసం రాసే డిపార్ట్‌మెంట్ పరీక్షలు. ప్రతి లైన్‌లోనూ ఎవరో ఒకరు దానికోసం చదువుతూ ఉంటారు. టీ బంకు దగ్గర మసకబారిన జిరాక్స్ కాగితాలు చేతులు మారుతుంటాయి.

ఒక ఆదివారం బావ మా ఇంటికొచ్చి, కాలు మీద కాలేసుకుని కూర్చుని చెప్పాడు.

"ఏటే, ఊళ్లో సగం మంది పరీచ్చలు రాత్తారు గదా. సదూకోడానికి ఏటుంది? ఆ జిరాక్సులే. మనం హిందీలో ఒక సైట్ ఎట్టేద్దాం. రూల్ బుక్‌లో ఉన్నదంతా ప్రశ్నలు, జవాబులు కింద సేసి ఎట్టేత్తే డ్యూటీలో కూకోని ఫోన్‌లో సూసుకుంటారు. యాడ్లొత్తాయి. నాకు ఉద్యోగం అడ్డు, పేరు నీదే ఉండాల. ఏటంటావు?"

ఆలోచన మంచిదే. అతని బుర్రలో పుట్టింది కదా అని చెడ్డదనను. విషయం రాసిచ్చేది అతను, సైట్ చేసేది నేను, వచ్చింది చెరి సగం అనుకున్నాం.

ఆ సైట్ మీద నేను పడ్డ శ్రమ ఇప్పుడు తలుచుకున్నా కొంచెం గర్వంగానే ఉంటుంది. చదివేవాళ్లు ఎవరో నాకు తెలుసు. అద్దం పగిలిన ఫోన్లు, ఎండలో నిలబడి చూడడం, స్టేషన్ దాటగానే సన్నగిల్లే నెట్‌వర్క్. అందుకని బొమ్మలన్నీ తీసేశాను, తెల్లటి పేజీ మీద నల్లటి పెద్ద అక్షరాలు పెట్టాను. పాత ఫోన్లు నాలుగు సంపాదించి ఉస్లాపూర్ ప్లాట్‌ఫాం చివర నిలబడి పేజీ ఎంతసేపటికి తెరుచుకుంటుందో చూసుకున్నాను. తరువాతి ప్రశ్నకి వెళ్లే బటన్ కుడి బొటనవేలికి అందేచోట పెట్టాను. యాడ్‌ని దానికి దూరంగా జరిపాను, ఎందుకంటే వేలు పొరపాటున యాడ్ మీద పడితే చదివేవాడికి చిరాకు, యాడ్ ఇచ్చేవాడికి అనుమానం. మరీ దూరం జరిపితే ఎవరూ చూడరు. ఆ మధ్య చోటు వెతకడానికి నాకు మూడు వారాలు పట్టింది. బావ ఫోన్ చేసి "ఇంకా ఎంతసేపే, డబ్బాలు జరపడానికి?" అని ఎగతాళి చేసేవాడు.

మా మొదటి పెద్ద పోట్లాట 'మా గురించి' అనే పేజీ దగ్గర వచ్చింది. నేను కొన్న సైట్ నమూనాలో ఆ పేజీ మీద ముగ్గురు తెల్లవాళ్ల ఫోటోలు ఉన్నాయి. చెవులకి మైకులు తగిలించుకుని నవ్వుతూ ఉంటారు. అవి తీసేసి నా పేరు, ఊరు పెడతానన్నాను.

"వద్దు వద్దు," అన్నాడు బావ. "నీ పేరు సూత్తే ఎనకాల నేనున్నానని ఆఫీసులో పట్టేత్తారు. పైగా కుదుదండ్‌లో ఒక ఆడమనిషి ఇంట్లో కూకోని ఎట్టిందంటే ఎవలు నమ్ముతారు? గోరాలు ఉంటే పెద్ద కంపెనీ అనుకుంటారు. ఉండనీ యార్, చల్తా హై."

నడిచిపోతుందిలే అనే ఈ చల్తా హై మాటని నేను ఎంత అసహ్యించుకుంటానో చెప్పలేను. ఆ రోజు చెడామడా తిట్టాను. కానీ ఫోటోలు తీయలేదు. పెద్ద కంపెనీ అనుకుంటారన్న మాట ఎక్కడో నాకూ నచ్చింది.

సైట్ నడిచింది. మొదట్లో వందల్లో, తరువాత వేలల్లో జనం చూశారు. రాయగఢ్ నుంచి, నాగపూర్ నుంచి కూడా వచ్చేవాళ్లు. యాడ్ల డబ్బు మొదట నా కరెంటు బిల్లుకి, తరువాత కొత్త లాప్‌టాప్‌కి సరిపోయింది. బావ ఉస్లాపూర్‌లో తను కొన్న ఫ్లాట్‌కి సోఫా కొన్నాడు. ఏ పేజీలో జనం ఎంతసేపు ఉంటున్నారు, ఏ ప్రశ్న దగ్గర వెళ్లిపోతున్నారు, రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ చూసేదాన్ని. ఒక యాడ్ పెట్టె ఒక గీత పక్కకి జరిగినా ఆ పూటే కనిపెట్టేసేదాన్ని.

పోయిన ఏడు వానలు మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం గార్డు గారమ్మాయి మా ఇంటికొచ్చింది.

మేం క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు వాళ్లది పక్క లైన్. నాకన్నా ఐదారేళ్లు చిన్నది, నన్ను అక్కా అంటుంది. వాళ్ల నాన్న గూడ్స్ బండి గార్డు. సర్వీసులో ఉండగానే పోయాడు. ఆ కోటాలో ఆమెకి ఉద్యోగం వచ్చింది కానీ, అప్పటికి ఆమె చదువు పదో తరగతి. అందుకని ట్రాక్ మీద గ్యాంగులో వేశారు. ఎండాకాలం పట్టాలు నిప్పులు కక్కే వేళ కంకర ఎత్తడం, బోల్టులు బిగించడం, బండి వస్తే పక్కకి దూకడం. ఆరేళ్లు ఆ పని చేస్తూ, ఇంటికొచ్చి తల్లికి వండిపెట్టి, ప్రైవేటుగా ఇంటరు కట్టింది, డిగ్రీ కట్టింది. మోకాళ్లు అప్పటికే పాడయ్యాయి. గూడ్స్ గార్డు పరీక్ష రాసి నాన్న పోస్టులోకి వెళ్లాలని ఆమె పట్టుదల. వయసు పరిమితి ప్రకారం ఈసారిదే ఆఖరి అవకాశం. ఇది మా తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆమె పాసవ్వాలని మా అమ్మ కూడా మొక్కుకుంది.

వచ్చి కూర్చుంది. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

"అక్కా, నువ్వు కంప్యూటర్ పని సేత్తావు గదా. ఈ సైట్ ఎవలిదో కనిపెట్టగలవా?"

ఫోన్‌లో ఉన్నది నా సైట్. తెల్లటి పేజీ, పెద్ద అక్షరాలు, కుడి బొటనవేలి కింద బటన్.

"ఏం? ఏమైంది?" అన్నాను.

"పరీచ్చ పోయింది అక్కా. లిస్టులో ఆఖర్న ఎక్కినోడికీ నాకూ ఒక్క ప్రశ్నే తేడా. పొగమంచు ఉన్నప్పుడు బండి ఎంత స్పీడు దాటకూడదు అని ఇచ్చినాడు. నాన్న పుస్తకంలో చీటీ అతికించుంది, దాన్లో ఒకటుంది. ఈ సైట్‌లో ఇంకోటుంది. నాన్న పోయి ఆరేళ్లయిపోయింది గదా, తర్వాత మళ్లీ మారిందేమో, సైట్‌లోదే కొత్తదేమో అనుకున్నాను. సైట్‌లోదే రాసేసినాను. జవాబుల కీ వొచ్చింది. నాన్న చీటీలో ఉన్నదే రైటు."

రైల్వే ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ చీటీలేమిటో చెప్పక్కర్లేదు. రూల్ బుక్ ఒకసారి అచ్చయితే ఏళ్ల తరబడి అదే. మధ్యలో నియమం మారితే కొత్త పుస్తకం ఇవ్వరు, మారిన ముక్క అచ్చువేసిన చిన్న కాగితం ఇస్తారు. దాన్ని కత్తిరించి, సరైన పేజీ వెతికి, పాత నియమం మీద అతికించుకోవాలి. దాన్ని కరెక్షన్ స్లిప్ అంటారు. సెలవు రోజు పొద్దున్న మా లైన్‌లో గార్డులు, స్టేషన్ మాస్టర్లు వరండాలో కూర్చుని, మైదా బంక గిన్నె పక్కన పెట్టుకుని ఇవి అతికించేవాళ్లు. గార్డు గారైతే అతికించాక తేదీ వేసి పొట్టి సంతకం కూడా పెట్టేవాడు. పుస్తకం ఉబ్బి ఉబ్బి మూత పడేది కాదు. పుస్తకం ఎంత ఉబ్బితే ఆ మనిషి అంత నమ్మకమైనవాడని మా నాన్న అనేవాడు.

"ఆఫీసులో కొట్టాడితే లాభం నేదంట," అంది ఆమె. "కీ రైటే గదా, ఏటని కొట్టాడతాను? ఈ సైటోడు దొరికితే మాత్రం ఒక్కసారి మొహం సూడాలనుంది. ఇదిగో, ఫోటోలు కూడా ఉన్నాయి. ఈల మొహాలు సూడు. మన రైల్వే గురించి ఈలకేటి తెలుసు అక్కా?"

మైకులు పెట్టుకుని నవ్వుతున్న ముగ్గురు తెల్లవాళ్లని నాకు చూపించింది. నాది అని చెప్పాల్సిన క్షణం అదే. నేను చెప్పలేదు. "చూస్తాను, కనుక్కుంటాను," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ సిగ్గుకన్నా భయమే ఎక్కువ. ఆమె వెళ్లేటప్పుడు "కనిపెట్టినాక నాకు సెప్పడం మర్చిపోకు" అని మరీ మరీ చెప్పింది.

ఆమె సందు మలుపు తిరగగానే స్కూటీ తీశాను. వానలో తడుస్తూ ఉస్లాపూర్ వెళ్లేదాకా బావని అనాల్సిన మాటలన్నీ పేర్చుకున్నాను. అతను కొత్త సోఫాలో కూర్చుని క్రికెట్ చూస్తున్నాడు.

"నువ్వు టైపు చేసిన రూల్ బుక్ ఏదీ? తే," అన్నాను.

అత్తయ్య వంటింట్లోంచి తొంగిచూసింది. బావ ఫ్రిజ్ మీద నుంచి పుస్తకం తీశాడు. ఎప్పుడో రిటైరైన వాళ్ల ఆఫీసు పెద్దాయన దగ్గర తెచ్చుకున్నదట. ఆ పుస్తకం సన్నగా ఉంది. అది చూడగానే నాకు అర్థమైపోయింది. అట్ట వెనక ఒక కవరు, రబ్బరు బ్యాండు వేసి ఉంది. లోపల చీటీలు. ఒక్కటీ అతికించలేదు, కత్తిరించను కూడా లేదు. సోఫా మీద గుమ్మరించి వెతికితే, పొగమంచుది దొరకడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఇవి చూడలేదా నువ్వు?"

"సూసినాను. అదంతా సిల్లర కాయితాలే. ఒక్కోటి ఎతికి, పేజీ సూసి, మార్చి టైపు సెయ్యాలంటే ఆర్నెల్లు పడతాది. వందలో తొంబై రైటే గదా?"

"మిగతా పదిలో ఒకటి ఆ పిల్ల నోట్లో మట్టి కొట్టింది బావా!" జరిగింది చెప్పాను. గార్డు గారమ్మాయి అనగానే అతని మొహం ఒక్క క్షణం మారింది. మళ్లీ టీవీ వైపు చూశాడు.

"అయ్యో పాపం. అయినా మనకేటి సంబంధం? సైట్ అడుగున రాసే ఉంది గదా, అసలు పుస్తకంతో సరిసూసుకోవాలని."

నిజమే, రాసి ఉంది. రాసింది నేనే. బూడిద రంగులో, భూతద్దం పెడితే తప్ప కనిపించనంత చిన్నగా, అన్ని యాడ్ల కింద.

"డౌటొత్తే అడగాల," అన్నాడు. "ప్రశ్న అడగడానికి ఫారం ఎట్టినావు గదా నువ్వు? అడిగిందా? నేదు. మరి తప్పెవలిది?"

అక్కడ నేను నోరు పారేసుకున్నాను. ఆఫీసులో జీతం తీసుకుని కునుకు తీసేవాడివి, నీకు కష్టం విలువేం తెలుసు అన్నాను. నీ పుస్తకం సన్నగా ఉన్నట్టే నీ బుద్ధీ ఉంది అన్నాను. మామయ్య ఉంటే చెప్పుతో కొట్టేవాడు అన్నాను. అత్తయ్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈ మాటల్లో ఒక్కటి కూడా ఇవాళ వెనక్కి తీసుకోను. చీటీల కవరు పట్టుకుని బయటికొచ్చేశాను.

దారంతా అతని మాట ఒకటి గుచ్చుతూనే ఉంది. అడిగిందా? నేదు. అడిగి ఉండదులే అనుకున్నాను. అడిగి ఉండకూడదని కోరుకున్నాను కూడా.

ఆ ఫారం సంగతి ఇది. సైట్ మొదలుపెట్టినప్పుడు 'మీ సందేహం రాయండి' అని ఒక పేజీ పెట్టాను. ఫోటో కూడా జతచేయవచ్చు. పెట్టె అంచులు ఎంత గుండ్రంగా ఉండాలో ఒక పూటంతా చూసుకున్నాను. పంపగానే 'ధన్యవాదాలు, ఇరవై నాలుగు గంటల్లో జవాబిస్తాం' అని హిందీలో వస్తుంది. ఆ వాక్యం నేనే మర్యాదగా కూర్చి పెట్టాను. కొన్నాళ్లకి అందులో చెత్త మొదలైంది. లోన్లు ఇస్తామనేవాళ్లు, మీ సైట్‌ని పైకి తెస్తామనేవాళ్లు. రోజుకి నలభై మెయిళ్లు. విసుగెత్తి, సందేశం వస్తే నాకు మెయిల్ రాకుండా ఆపేశాను. వారానికోసారి లోపలికెళ్లి చూద్దాంలే అనుకున్నాను. ఎన్ని వారాలు గడిచాయో నాకు గుర్తు లేదు. జవాబిస్తామన్న వాక్యం మాత్రం తీయలేదు.

తడిబట్టలతోనే లాప్‌టాప్ ముందు కూర్చుని సందేశాల పేజీ తెరిచాను. చెత్తంతా జరుపుకుంటూ కిందికి వెళ్లాను. ఆమె పేరు ఒకచోట కాదు, మూడుచోట్ల ఉంది.

మొదటిది పరీక్షకి మూడు వారాల ముందు పంపింది. హిందీలో, చాలా పద్ధతిగా రాసింది. "సర్, నమస్తే. మీ సైట్ వల్ల నాకు చాలా మేలు జరుగుతోంది. పొగమంచు నియమంలో ఒక సందేహం. మా నాన్నగారి పుస్తకంలో అతికించిన స్లిప్ ఫోటో పంపుతున్నాను. మీ జవాబు వేరుగా ఉంది. ఏది సరైనదో చెప్పగలరు." ఫోటోలో చీటీ, పక్కన తేదీ, గార్డు గారి పొట్టి సంతకం. రెండోది నాలుగు రోజుల తరువాత. "సర్, పరీక్ష దగ్గరపడింది. దయచేసి చెప్పండి." మూడోది ఇంకో వారానికి. "సర్, మీరు బిజీగా ఉంటారని తెలుసు. తప్పు ఉంటే మీరు దిద్దేవారే కాబట్టి మీ జవాబే సరైనదని అనుకుంటున్నాను. ధన్యవాదాలు."

ఆ మూడోది చదివి ఏడ్చాను. దీనికి బావని తిట్టడానికి లేదు.

నేను ఏళ్ల తరబడి శ్రద్ధ శ్రద్ధ అని ఊరందరి మీదా అరిచాను. లాడ్జివాడిని వెక్కిరించాను, మేనల్లుళ్లని వెక్కిరించాను. నా శ్రద్ధంతా ఎటు చూసిందో ఆ సాయంత్రం తెలిసింది. డబ్బు పుట్టే చోట ఒక గీత జరిగినా నాకు కనిపించేది. మనిషి మాట్లాడే చోట మూడుసార్లు తలుపు కొట్టినా వినిపించలేదు. పొగమంచు పేజీ నా లెక్కల్లో మంచి పేజీ. జనం దాని మీద ఎక్కువసేపు ఆగుతున్నారని నేను సంబరపడి అక్కడ ఇంకో యాడ్ పెట్టాను. వాళ్లు ఆగింది అనుమానంతోనేమో అని ఒక్కసారైనా అనిపించలేదు. అలా ఆగినవాళ్లలో ఆమె ఎన్నిసార్లు ఉందో.

మర్నాడే సైట్ మూసేశాను. రెండు వారాలు వేరే పని ముట్టుకోకుండా కవర్లోని ప్రతి చీటీనీ పేజీతో సరిచూశాను. ఇరవై మూడు జవాబులు తప్పని తేలాయి. వాటిని దిద్ది, ఏ ప్రశ్నలో ఏది తప్పుగా ఉండేదో మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాశాను. తెల్లవాళ్ల ఫోటోలు పీకి నా పేరు, ఫోన్ నంబరు పెట్టి సైట్ మళ్లీ తెరిచాను. బావ ఫోన్ చేసి, తప్పులు మనమే చాటుకుంటే ఎవడొస్తాడే అని అరిచాడు. రాకపోతే పోనీ అన్నాను. మా మధ్య ఆఖరి మాటలు అవే.

ఇక ఆమెకి చెప్పాలి. నిజాయితీ పొంగి వెళ్లానని చెప్పను. పేరు పెట్టేశాను కనుక ఇవాళో రేపో ఆమెకి ఎలాగూ తెలుస్తుంది, అందుకే ముందుగా వెళ్లాను.

ఆమెకి ఆ రోజు రెస్టు. క్వార్టర్ ముందు అరుగు మీద కూర్చుని డ్యూటీ బూట్లకి పట్టిన బురద పుల్లతో గీకుతోంది. నన్ను చూడగానే "ఏటక్కా, దొరికినాడా?" అంది.

"ఆ సైట్ నాదే," అన్నాను. నిలబడే చెప్పాను. బావ, పుస్తకం, చీటీల కవరు, ఫారం, మెయిళ్లు ఆపేయడం, అన్నీ. మధ్యలో ఆమె బూటు పక్కన పెట్టింది.

తరువాత అడిగింది. "ఇరవై నాలుగు గంటల్లో జవాబిత్తామని వొత్తాది గదా. అది రాసింది నువ్వేనా?"

"నేనే."

"నేను ట్రాక్ మీద ఫోన్ జేబులో ఎట్టుకుని తిరిగినాను అక్కా. ఎప్పుడొత్తాదో అని. ఇక్కడే ఉండి... స్కూటీ మీద పది నిమిషాలు. నీదని తెలిత్తే ఇంటికొచ్చి అడిగీదాన్ని గదా."

క్షమించమని అన్నాను. అది ఆమె విన్నట్టు కూడా లేదు. లేచి లోపలికెళ్లి ఒక పుస్తకం తెచ్చింది. గార్డు గారి రూల్ బుక్. చీటీలతో ఉబ్బిపోయి, చుట్టూ తాడు కట్టి ఉంది. తాడు విప్పి పొగమంచు పేజీ తీసి నా ముందు పెట్టింది.

ఫోటోలో నేను చూసిన చీటీ అక్కడ కనబడలేదు. దాని మీద ఇంకో కాగితం ఉంది. గీతల నోటుపుస్తకంలోంచి, సరిగ్గా చీటీ కొలతకే కత్తిరించిన ముక్క. దాని మీద ఆమె చేతిరాతతో, హిందీలో, నా సైట్‌లోని జవాబు. పక్కన తేదీ, ఆమె పొట్టి సంతకం.

"మీరు జవాబియ్యనేదు గదా," అంది. "అంటే నాన్నది పాతదైపోయిందనుకున్నాను. నాన్న ఎలగ సేసీవోడో అలగే సేసినాను."

కాగితం అంచు ఒకచోట కొంచెం లేచి ఉంది. గోటితో నెమ్మదిగా లేపితే ఊడివస్తుందేమో, కిందది బయటపడుతుందేమో అనిపించి చెయ్యి చాపాను.

"ముట్టుకోకు," అంది ఆమె. "బంక గట్టిగా రాసినాను. దీన్ని పీకితే కిందున్న నాన్నది కూడా సిరిగిపోద్ది."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.